అనుమతి మీద నిలిచిన ఊరు



ఏ వకీలు గారి పేరు మీద ఈ ఉపన్యాసం ఏర్పాటైందో, ఆయన ఫీజు పుచ్చుకోకుండా వాదించినవి చాలావరకు గుడిసెవాసుల కేసులే. వచ్చినవాళ్లను ముందుగా అడిగేది ఒకటే: "చేతిలో కాగితం ఏముంది?" అదే ప్రశ్న ఇవాళ 1930ల నాటి అమెరికాను అడిగి చూద్దాం.

1929 అక్టోబరులో న్యూయార్క్ షేర్ మార్కెట్ కుప్పకూలింది. 1933 నాటికి పనిచేయగలిగిన ప్రతి నలుగురిలో ఇంచుమించు ఒకరికి పని లేదు. అద్దె కట్టలేనివాళ్లు రోడ్డున పడ్డారు. నదుల ఒడ్డున, రైలు పట్టాల పక్కన, ఖాళీ జాగాల్లో గుడిసెలు లేచాయి. అధ్యక్షుడు హెర్బర్ట్ హూవర్ మీది కసితో జనం వాటికి 'హూవర్‌విల్' అని పేరు పెట్టారు. చలికి కప్పుకున్న పాత పేపర్లు 'హూవర్ దుప్పట్లు' అయ్యాయి.

వీటిలో మనకు బాగా తెలిసినది సియాటిల్ ఓడరేవు పక్కది. ఒకప్పుడు ఓడలు కట్టి, తర్వాత మూతపడ్డ యార్డు స్థలంలో 1931లో కొందరు చెక్కముక్కలతో, రేకులతో గుడిసెలు వేసుకున్నారు. అధికారులొచ్చి కిరసనాయిలు పోసి తగలబెట్టారు. మళ్లీ వేసుకున్నారు, మళ్లీ తగలబెట్టారు. మూడోసారి నేల తవ్వి గుంటల్లోకి దిగి, పైన రేకులు కప్పుకున్నారు. 1932లో కొత్త పాలకవర్గం వచ్చాక నగరం మెత్తబడింది. శుభ్రత పాటించాలి, ఆడవాళ్లనూ పిల్లలనూ ఉంచకూడదు అని షరతులు పెట్టి ఊరుకుంది.

పని పోయిన కలపకూలీ జెస్సీ జాక్సన్‌ను అందరూ 'మేయర్' అనేవారు. తగవులు తీర్చే సంఘంలో తెల్లవారు ఇద్దరు, నల్లవారు ఇద్దరు, ఫిలిప్పినోలు ఇద్దరు. నల్లవారికీ ఆసియావారికీ ఇల్లు అమ్మరాదని అదే నగరంలో దస్తావేజుల్లోనే రాసుకుంటున్న రోజులవి. కాగితం ఉన్న పేటల్లో పొసగని పొరుగు, కాగితం లేని చోట పొసగింది.

1934లో డొనాల్డ్ రాయ్ అనే సోషియాలజీ విద్యార్థి అక్కడే కాపురం పెట్టి లెక్క తీశాడు. 479 గుడిసెలు, 639 మంది మనుషులు. అందులో ఆడవాళ్లు ఏడుగురే. తాను ఉండడానికి ఒక గుడిసెను 15 డాలర్లకు కొన్నాడు. అంటే గుడిసెకు ధర ఉంది, అమ్మకం ఉంది, కొనుగోలు ఉంది. కింద నేల మాత్రం వాళ్లది కాదు.

1941లో యుద్ధపు పనుల కోసం రేవు స్థలానికి గిరాకీ పెరిగింది. తొమ్మిదేళ్లు చూసీచూడనట్టు వదిలేసిన నగరం ఖాళీ చేయమంది. గుడిసెలు మళ్లీ కిరసనాయిలు మంటల్లో కాలిపోయాయి. లేమిలో నిలబడ్డ ఊరు, కలిమి తిరిగొచ్చే వేళకు లేకుండా పోయింది.

దీని పక్కనే ఇంకో ఉదంతం పెట్టి చూడండి. మొదటి ప్రపంచయుద్ధంలో పోరాడిన సైనికులకు 1924 చట్టం కింద బోనస్ పత్రాలిచ్చారు. డబ్బు చేతికొచ్చేది 1945లో. ఆకలికి ఆగలేక 1932లో వేలాదిమంది వాషింగ్టన్ చేరి, అనకోస్టియా నది పక్కన గుడిసెలు వేశారు. జులై 28న జనరల్ మెకార్థర్ సైన్యంతో వాళ్లను తరిమాడు. గుడిసెలు అక్కడా కాలాయి. కానీ పత్రాలు కాలలేదు. 1936లో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ వీటోను కూడా తోసిపుచ్చి, కాంగ్రెస్ ఆ బాకీ తీర్చింది.

సైనికుల చేతిలో రుణపత్రం ఉంది. సియాటిల్ వాళ్ల చేతిలో ఉన్నది నగరం దయ. సంఘం, శుభ్రత, కట్టుబాటు, అన్నీ వాళ్లే సమకూర్చుకున్నారు. పట్టా మాత్రం ప్రభుత్వం ఇస్తేనే పుడుతుంది. వకీలు గారి ప్రశ్నను మనం గుడిసెవాసిని అడగడం మానేసి ప్రభుత్వాన్ని అడగాలి. ఖాళీ చేయమనే నోటీసు కంటే ముందు, అక్కడ బతుకుతున్న ప్రతి మనిషి పేరునా ఒక హక్కుపత్రం ఇచ్చారా లేదా? అది ఇవ్వనిదే నోటీసు ఇవ్వకూడదని చట్టంలో రాయించడమే ఆయనకు మనం చేయగల స్మారకం.