ముందు డాక్టరు, తర్వాతే దావత్



పేటల్లోని చిన్న క్లినిక్కుల్లో సెగగడ్డ కోయడం, గాయానికి కుట్లు వేయడం, గోరుచుట్టు చీము తీయడం వంటి చిన్న ఆపరేషన్లు జరుగుతుంటాయి. వాటిలో మన ఇళ్ళన్నింటికీ సంబంధించినది సున్తీ. దాన్ని గురించే ఈ నాలుగు మాటలు.

మనలో చాలామందిమి ముందు దావత్‌కు తేదీ పెట్టుకుంటాం, బంధువులను పిలుస్తాం, ఆ తర్వాతే ఎవరిచేత చేయించాలా అని చూస్తాం. ఈ వరుస మారాలని మా మనవి.

ఎందుకంటారా? కొందరు మగబిడ్డలకు పుట్టుకతోనే మూత్రరంధ్రం కొనన కాక కిందివైపున ఉంటుంది. దాన్ని సరిచేసే ఆపరేషనుకు ఆ ముందు చర్మమే అవసరపడుతుంది. తెలియక తీసేస్తే మళ్ళీ రాదు. ఇంకొకటి హీమోఫీలియా. రక్తం సరిగా గడ్డకట్టని ఈ జబ్బు ఎక్కువగా తల్లివైపు నుంచి మగబిడ్డలకు వస్తుంది. బిడ్డ మేనమామలకు గాని, అన్నలకు గాని చిన్న దెబ్బకే నెత్తురు ఆగని గుణం ఉంటే దాచకుండా డాక్టరుకు చెప్పండి.

క్లినిక్కులో మత్తుసూది వేసి, శుద్ధిచేసిన పనిముట్లతో పని ముగిస్తారు. పుండు మానడానికి వారం, పది రోజులు పడుతుంది. బూడిద, పసుపు అద్దవద్దు. నెత్తురు ఆగకపోయినా, జ్వరం వచ్చినా, మూత్రం రాకపోయినా తెల్లవారేదాకా ఆగక తీసుకువెళ్ళండి.

సున్నత్ నెరవేర్చడం మన బాధ్యత. బిడ్డను కాపాడుకోవడమూ మన బాధ్యతే. అల్లాహ్ మన పిల్లలను చల్లగా చూచుగాక. వస్సలాం.