ఎండకాలం మొదట్లో అందరికీ వాటా



ఇలాంటి సభల్లో మనం రిజర్వేషన్ల గురించి, ఉద్యోగాల గురించి, పోడు పట్టాల గురించి మాట్లాడుకుంటాం. అవి మాట్లాడుకోవాల్సినవే. ఈ పొద్దు మాత్రం మేము ఎండకాలం మొదట్లో మన ఇండ్లకు వచ్చే చిన్న చిన్న సంతోషాల గురించి చెప్పదలుచుకున్నాం. ఇది పాత రోజులు తలుచుకుని నిట్టూర్చడం కాదు. ఆ సంతోషాలకు ఒక పద్ధతి ఉండేది. చెట్టు ఇచ్చినదాంట్లో మనిషికీ, పిట్టకూ, జంతువుకూ తలా ఒక వాటా ఉంటుందన్నదే ఆ పద్ధతి. అది మీ చేతికి అందాలన్నదే మా ఆశ.

మన దగ్గర మే నెలలో 45 డిగ్రీలు దాటే రోజులు కూడా ఉంటాయి. అప్పుడు గడప దాటాలంటేనే భయం. కానీ హోలీ నుంచి ఉగాది దాటి మరికొన్ని వారాల దాకా పొద్దుగాల చల్లగానే ఉంటుంది. మన సంతోషాలన్నీ ఆ కొన్ని వారాల్లోనే ఉన్నాయి.

ముందు మోదుగు సంగతి. మన గోర్ బోలీలో దాన్ని కేసులా అంటాం. ఆకులన్నీ రాలిపోయి, చెట్టంతా నిప్పులా పూస్తుంది. ఆ పువ్వును ఉడకబెట్టి తీసిన రంగుతో మేము హోలీ ఆడేవాళ్లం. తాండాలో లెంగీ పాటలు, ఆ ఏడాది పుట్టిన మగబిడ్డకు ధూండ్ వేడుక, ఇంటింటికీ పిలుపులు. ఆడబిడ్డకు కూడా ధూండ్ చేద్దామని ఇంట్లో అడగాల్సింది మీరే. ఇక మోదుగు చెట్టు దగ్గర ఒక్క పావుగంట నిలబడి చూడండి. గోరింకలు, పిగిలిపిట్టలు, తేనెపిట్టలు వరుసగా వచ్చి పువ్వులో ముక్కు పెడుతుంటాయి. అందుకే రంగు కోసం పువ్వులు తెచ్చేవాళ్లు ఒక కొమ్మ దులిపి నాలుగు కొమ్మలు వదిలేసేవాళ్లు. వాళ్లకు ఎవరూ పాఠం చెప్పలేదు. పిట్టలు తాగుతున్నాయి కదా, అంతే.

తరువాత ఇప్పపువ్వు. ఇది రాత్రంతా రాలుతుంది, తెల్లవారకముందే చెట్టు కింద తెల్లగా పరుచుకుని ఉంటుంది. దాది గంప పట్టుకుని ముందు నడిచేది, పిల్లలం కండ్లు నులుముకుంటూ వెనక నడిచేవాళ్లం. ఏరినంత సేపూ నోట్లో ఒకటి, గంపలో ఒకటి. రాత్రి గబ్బిలాలు వచ్చి పోతాయి, అవే ఈ చెట్టుకు పరాగం మోస్తాయి. జింక, ఎలుగుబంటి కూడా ఆ పువ్వు కోసం వస్తాయి. అందుకే మరీ చీకట్లో పోనిచ్చేవాళ్లు కాదు. ముందు వచ్చినవాళ్ల వాటా అయిపోయాకే మన వంతు.

ఇందులో మీరు తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది. ఇప్పచెట్టు రాల్చేది తియ్యటి రెక్కల గిన్నెను మాత్రమే. కాయ అయ్యే భాగం కొమ్మ మీదే ఉండిపోతుంది. కాబట్టి రాలినది ఏరుకుంటే చెట్టుకు నష్టం లేదు, కొమ్మ విరిస్తే మాత్రం కాయ పోతుంది, కాయతోపాటు గింజల నూనె పోతుంది. కొందరు ఏరడం సులువవుతుందని చెట్టు కింది ఎండుటాకులకు నిప్పు పెడతారు. ఆ నిప్పు ఒక్కోసారి అడవికి పాకుతుంది. కొత్త మొలకలు, నేల మీద గూడు కట్టుకునే పిట్టలు, తాబేళ్లు అందులో కాలిపోతాయి. ఆకులు ఊడ్చేసి పాత చీరలు పరిస్తే అంతే పని, నిప్పుతో పనే లేదు. 2006 అటవీ హక్కుల చట్టం తరతరాలుగా అడవిని నమ్ముకున్న కుటుంబాలకు ఇప్పపువ్వు, తునికాకు లాంటివి సేకరించుకునే, అమ్ముకునే హక్కు ఇచ్చింది. హక్కు మనదైనప్పుడు అడవిని కాపాడే పూచీ కూడా మనదే.

ఇక బోధన్ వైపు మాట. మంజీరా మీద 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తి చేసిన నిజాంసాగర్ నీళ్లతో ఇక్కడ చెరుకు పెరిగింది. 1937లో స్థాపించిన నిజాం చక్కెర ఫ్యాక్టరీతో శక్కర్‌నగర్ వెలిసింది. చలికాలమంతా చెరుకు బండ్లు, లారీలు, గానుగ వాసన. మన తాండాల నుంచి ఎన్నో జంటలు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని చెరుకు కొట్టడానికి పోయేవి. కొందరు ఇక్కడి చేలకు, కొందరు మహారాష్ట్రకు. పిల్లలు దాది దగ్గర ఉండేవాళ్లు. క్రషింగ్ ముగిసి యాడి, బాపు ఇంటికి వచ్చేది ఎండకాలం మొదట్లోనే. మూటలో బెల్లం ముద్ద, పక్కన రెండు చెరుకు గడలు. అప్పటిదాకా దాది కొంగు వదలని పిల్ల ఆ రాత్రి యాడి పక్కనే పడుకునేది. ఎండకాలం అంటే మాలో చాలామందికి మామిడికాయ కన్నా ముందు అమ్మానాన్నలు తిరిగి రావడం. ఇప్పటికీ అలా ఎదురుచూసే పిల్లలు ఉన్నారు. మీ పక్కింట్లో ఉంటే వాళ్లను ఆటకు పిలవండి.

ఆ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. చేతిలో పని పోయినవాళ్ల బాధ పెద్దది, దాన్ని ఎవరూ చిన్నది చేయలేరు. దాంతోపాటు చాలా చేలల్లో చెరుకు పోయి వరి వచ్చింది. చెరుకు దాదాపు ఏడాది పొడవునా నిలబడే పంట. నక్కలకు, అడవిపిల్లులకు, నెమళ్లకు అదే చాటు. రాత్రి తాండా అంచున నక్క కూస్తే పిల్లలం దుప్పటి కప్పుకుని నవ్వుకునేవాళ్లం. చెరుకు తగ్గినచోట ఆ చాటు కూడా తగ్గింది.

యాసంగి వరి ఏప్రిల్, మే నెలల్లో కోతకు వస్తుంది. హార్వెస్టర్ పోయాక మిగిలిన కొయ్యకాళ్లకు నిప్పు పెట్టడం అలవాటైంది. సరిగ్గా అదే కాలంలో తీతువు పిట్ట నేల మీద గుడ్లు పెడుతుంది. మామూలుగా నాలుగు గుడ్లు, మట్టిగడ్డల రంగులో ఉంటాయి, కాలి కింద పడేదాకా కనిపించవు. రాత్రి తీతువు అరిస్తే కీడని మన ఇండ్లల్లో అంటారు. అది మనకు శాపం పెట్టడం లేదు, నా పిల్లలున్నాయి, ఇటు రాకండి అని అరుస్తోంది. పొలంలో అది మీ తల మీద తిరుగుతూ అరిస్తే ఆగి చూడండి. గుడ్లు కనబడితే నాలుగు పుల్లలు పాతి గుర్తు పెట్టండి. బాపుతో, కాకాతో మాట్లాడి ఈ ఒక్క ఏడాదైనా కొయ్యకాళ్లు తగలబెట్టకుండా దున్నించండి. పొలానికీ మంచిదే.

నిజామాబాద్ టౌనులో ఉండేవాళ్లు మాకు ఇవన్నీ ఎక్కడివి అనుకోవద్దు. కాలనీలో ఒక వేపచెట్టు చాలు. ఉగాదికి పూత రాలుతుంది, ఉడత కొమ్మ మీద గోల చేస్తుంది, కోయిల పొద్దెక్కకముందే మొదలుపెడుతుంది. కూసేది నల్లటి మగ కోయిల. గోధుమ రంగు మీద చుక్కలున్న ఆడకోయిల చాటుగా పోయి కాకి గూట్లో గుడ్డు పెడుతుంది. ఈ దొంగాటను మేడ మీద నుంచి చూడొచ్చు, టికెట్టు లేదు. సెలవు రోజు పొద్దుగాల స్నేహితులతో ఎడపల్లి దగ్గరి అలీసాగర్‌కో, జానకంపేట అశోక్‌సాగర్‌కో, మల్లారం అడవి వైపో పోండి. కరెంటు తీగ మీద పాలపిట్ట కనిపిస్తుంది. ఎగిరినప్పుడు రెక్కల్లో నీలం చూడండి, మన రాష్ట్ర పక్షి అదే. కాలువలో, చెరువులో లోతు తెలియకుండా మాత్రం దిగొద్దు.

ఇంటి దగ్గర ఒక పని చేయండి. లోతు లేని మట్టి మూకుడులో నీళ్లు పోసి నీడలో, పిల్లికి అందని చోట పెట్టండి. మధ్యలో ఒక రాయి వేయండి, తేనెటీగ కూడా మునిగిపోకుండా దాని మీద కూర్చుని తాగుతుంది. రోజూ కడిగి నీళ్లు మార్చండి. మార్చి 20 ప్రపంచ పిచ్చుకల దినం. ఆ రోజు ఫొటో పెట్టి మరిచిపోకుండా జూన్ వానలదాకా నడిపించండి. చిలుకను పంజరంలో పెట్టడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. సంతలో ఎవరైనా అమ్మినా కొనొద్దు.

ఏప్రిల్ నడిచేకొద్దీ తునికి పండ్లు వస్తాయి. యాభై ఆకుల లెక్కన కట్టలు కట్టి అలిసిపోయి వచ్చే యాడి కొంగులో పిల్లల కోసం నాలుగు పండ్లు ఉండేవి. వాటి వెంట మొర్రిపండ్లు, తాటిముంజలు, చింతచిగురు. రాత్రి వాకిట్లో మంచాలు వేసుకుంటే గుడ్లగూబ ఎక్కడ కూర్చుందో దాది చీకట్లోనే చెప్పేది. ప్రతి పిట్టకూ ఆమె దగ్గర ఒక పేరు, ఒక కథ ఉండేవి.

మాకు భయం వేసేది ఇక్కడే. నెమలిని మోర్ అంటామని, మోదుగును కేసులా అంటామని మీలో చాలామందికి తెలుసు. మిగతా పేర్లు? మన గోర్ బోలీకి సొంత లిపి లేదు. దాది నోట్లో ఉన్న పేరు ఎవరూ అడగకపోతే ఆమెతోపాటే పోతుంది. పేరు పోయిన పిట్టను మనం చూడటం కూడా మానేస్తాం. చూడనిదాన్ని కాపాడేదెవరు?

కాబట్టి ఈ ఎండకాలం మీ నుంచి ఒక్కటే అడుగుతున్నాం. దాది దగ్గర, నానీ దగ్గర కూర్చోండి. పది పిట్టల పేర్లు, పది చెట్ల పేర్లు గోర్ బోలీలో అడిగి తెలుగు అక్షరాల్లో రాసుకోండి. ఆమె గొంతును ఫోన్‌లో రికార్డు చేయండి. ఒక్కో తాండాలో పేరు ఒక్కో తీరుగా ఉండొచ్చు, ఉన్నది ఉన్నట్టే రాయండి, ఊరి పేరు కూడా రాయండి. పక్కనున్న నాయకపోడు, గోండు, ఎరుకల స్నేహితులను కూడా వాళ్ల మాటల్లో రాయమనండి. అన్నీ తెచ్చి మన సంఘానికి ఇవ్వండి, చిన్న పుస్తకంగా కూర్చుదాం.

ఖర్చు ఏమీ లేదు. ఒక నోటుబుక్కు, ఒక మూకుడు నీళ్లు, పొద్దుగాల ఒక గంట. సెలవు. రామ్ రామ్.