అమ్మ కూలి ఎక్కడ రాయాలి?



మా హాస్టల్‌లో ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె, పాడేరు సంతలో వాళ్లమ్మ పక్కన కూర్చుని చింతపండు లెక్క రాసుకొచ్చింది. లెక్కల నోటుబుక్కులో! ముందు కోప్పడ్డాను. తర్వాత చూస్తే గింజ తీసినదానికీ తీయనిదానికీ ధర తేడా, ఆటో ఛార్జీ, షావుకారు తరుగని కోసుకున్నది, పక్కనే జీసీసీ ధర, అన్నీ ఉన్నాయి. "మేడమ్, అమ్మ కూలి ఎక్కడ రాయాలి?" అనడిగింది. బీఈడీ చదివిన నాకు జవాబు తోచలేదు.

ఇప్పుడు ఆదివారాలు అడ్డాకులతో విస్తళ్లు కుడుతున్నాం. దొప్పలకు కొత్త ఆకారాలు పిల్లలవే. ఆకుకు, పుల్లలకు, చేతిపనికి విడివిడిగా వెల కడతారు. మొన్న వానకు తడిసి ఒక కట్ట బూజు పట్టింది. ఆ నష్టమూ రాశారు, నేను చెరపనివ్వలేదు.

ఊళ్లో ఉన్న మీరు, వచ్చే సంతకు మీ చెల్లినో తమ్ముణ్నో నోటుబుక్కుతో అమ్మ పక్కన కూర్చోబెట్టండి.