కోత మిషన్ ఆగితే కల్లం ఆగుతుంది
(సంఘం కార్యకర్తల శిక్షణ తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)



మన సభల్లో ఎప్పుడూ మద్దతు ధర గురించి, తరుగు గురించి, కాంటాల ఆలస్యం గురించి మాట్లాడుకుంటాం. ఇవాళ ఒక ఆయిల్ పంపు గురించి మాట్లాడతాం. ఇదేం ముచ్చట అనుకోకండి. ఆ పంపు అరిగిపోయి మా ఎనిమిది కుటుంబాలు విడిపోయేదాకా వచ్చింది.

పాత కరీంనగర్ జిల్లాలో కాకతీయ కాలువ కింద, పాత ఆదిలాబాద్‌లో కడెం, సరస్వతి కాలువల కింద ఇప్పుడు కొడవలితో కోసే వరి ఎంత? కూలీలు దొరకరు, దొరికినా గిట్టుబాటు కాదు. పొలం ఆరి ఉంటే టైర్ మిషన్, బురద ఉంటే చైన్ మిషన్. చైన్ మిషన్‌కు గంట కిరాయి ఎక్కువ. అది ఎప్పుడొస్తుందో చెప్పేది ఏజెంటు. 2023 మార్చి, ఏప్రిల్ నెలల్లో వడగండ్లు పడ్డప్పుడు ఒక్క రోజు ఆలస్యం ఎంత పని చేస్తుందో మన కరీంనగర్ రైతులకు ఎవరూ చెప్పనక్కర లేదు. గింజ రాలుతుంది, పడిపోయిన పైరు మొలకెత్తుతుంది, తేమ 17 శాతం దాటితే కేంద్రంలో వడ్లు తీసుకోరు.

అందుకే మేము ఎనిమిది కుటుంబాలవాళ్లం కలిసి ఒక పాత చైన్ మిషన్ కొన్నాం. అందులో ఇద్దరు కౌలు రైతులు. రెండు సీజన్లు బాగానే నడిచింది. మూడో యాసంగిలో రోగం మొదలైంది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు గుర్రంలా పోయేది. మధ్యాహ్నం అయ్యేసరికి ఒడ్డు ఎక్కలేకపోయేది. లివర్ పూర్తిగా ముందుకు తోసినా నడుము పట్టేసిన మనిషిలా కదిలేది.

మేము ఇంజన్ మీద పడ్డాం. డీజిల్ ఫిల్టర్లు మార్చాం, నాజిళ్లు శుభ్రం చేయించాం. డబ్బు పోయింది, రోగం పోలేదు. ఒక వర్క్‌షాపులో చూపిస్తే, యూనిట్ మొత్తం మార్చాలి, 2.5 లక్షలు దాటుతుంది, సామాను రావడానికి మూడు వారాలు పడుతుంది అన్నారు. అప్పటికి వరి కోతకొచ్చి నిలబడి ఉంది. ఆ రాత్రి మా కౌలు రైతు తమ్ముడు, "అన్నా, మిషన్ అమ్మి నా వాటా నాకియ్యండి, బిడ్డ ఫీజు కట్టాలె" అన్నాడు. అతనిది తప్పని అనలేకపోయాం.

చివరికి కరీంనగర్‌లో ఒక పెద్ద మేస్త్రిని బతిమాలి తీసుకొచ్చాం. ఆయన పానా ముట్టుకోలేదు. మిషన్‌ను ఒడ్డు ఎక్కించమని చెప్పి, పక్కన నిలబడి విన్నాడు. "ఇంజన్ గొంతు దిగుతలేదు. బరువుకు ఇంజన్ గొంతు దిగితే ఇంజన్ది తప్పు. ఇంజన్ అదే గొంతుతో మోగుతూ మిషన్ ఆగితే, బలం నడుమ ఎక్కడో కారిపోతోంది" అన్నాడు. మేము వారం రోజులు తిప్పలు పడ్డ సంగతి ఆయన అయిదు నిమిషాల్లో తేల్చాడు.

ఆ నడుమ ఏముందో అందరం తెలుసుకోవాలి. చాలా చైన్ మిషన్లలో వేగం మార్చడానికి క్లచ్ తొక్కి గేరు వేసే పని ఉండదు. ఇంజన్ బెల్టుతో ఒక పంపును తిప్పుతుంది. పంపులో చిన్న పిస్టన్లు గుండ్రంగా అమర్చి ఉంటాయి. వాటికి ఆనుకొని వంగే ప్లేటు ఒకటి ఉంటుంది. లివర్ తోస్తే ఆ ప్లేటు వంగుతుంది, పిస్టన్లు ఆయిల్‌ను తోస్తాయి. ఆ ఆయిల్ ఒత్తిడికి మోటారు తిరుగుతుంది, మోటారు గేర్‌బాక్సును, గేర్‌బాక్సు చైన్లను తిప్పుతుంది. దీన్నే హైడ్రోస్టాటిక్ అంటారు. అమెరికాలో ఇంటర్నేషనల్ హార్వెస్టర్ కంపెనీ 1967లోనే ఈ పద్ధతిలో 656 హైడ్రో అనే పొలం ట్రాక్టర్ తెచ్చింది. అక్కడ ఇళ్ల దగ్గర గడ్డి కోసే చిన్న ట్రాక్టర్లలోనూ ఇదే ఉంటుంది.

ఇందులో ఇనుముకూ ఇనుముకూ మధ్య సందు తల వెంట్రుక మందం కంటే తక్కువ. దుమ్ము చేరితే గీతలు పడతాయి. ఆయిల్ చల్లగా, చిక్కగా ఉన్నప్పుడు ఆ గీతల్లోంచి తక్కువ కారుతుంది. వేడెక్కి పలచబడితే ఎక్కువ కారుతుంది. పొద్దున బలం, మధ్యాహ్నం నీరసం అందుకే.

మేస్త్రి చూసిన వరుస రాసుకోండి. ముందు బెల్టు: వదులైనా, జారినా ఇదే రోగం కనిపిస్తుంది. తర్వాత లివర్ కడ్డీలు: అరిగి వదులైతే ప్లేటు పూర్తిగా వంగదు. తర్వాత ఆయిల్ మట్టం, రంగు: పాలలా ఉంటే నీళ్లు కలిసినట్టు. తర్వాత ఆయిల్ చల్లబరిచే జాలీ: గడ్డి, పొట్టు పట్టి ఉందా? ఆ తర్వాత ఫిల్టర్ కోసి చూడటం. చివరన గేజీ పెట్టి ఒత్తిడి చూడటం. అది ఎంత ఉండాలో ఆ మిషన్ పుస్తకంలో ఉంటుంది. ఇవన్నీ అయ్యాకే పంపు విప్పాలి.

మా ఫిల్టర్‌లో ఇత్తడి రంగు పొడి మెరిసింది. విప్పితే వాల్వ్ ప్లేటు మీద, దానికి ఆనుకునే సిలిండర్ బ్లాకు ముఖం మీద గీతలున్నాయి. గీతలు లోతుగా లేవు కాబట్టి, ఆ పని తెలిసిన చోట రెండు ముఖాలూ సమతలంగా ల్యాపింగ్ చేయించాం. సీళ్లు, బేరింగులు, ఫిల్టర్, ఆయిల్ కొత్తవి వేశాం. అన్నీ కలిపి 60 వేల లోపే అయింది. గీతలు లోతుగా ఉంటే ఈ పని నిలవదు, ముక్క మార్చాల్సిందే అని కూడా ఆయన ముందే చెప్పాడు. అయిదో రోజు మిషన్ పొలంలో దిగింది. ఆ తమ్ముడి మడే ముందు కోశాం.

ఇప్పుడు మా తప్పు చెప్పుకోవాలి. జాలీ నిండా పొట్టు పట్టి ఉంది. సీజన్ మధ్యలో ఏ ఆయిల్ దొరికితే అది పోశాం. నీరసం మొదలవగానే ఎవరో చెప్పారని చిక్కటి ఆయిల్ పోశాం. అది రోగాన్ని నాలుగు రోజులు దాచింది, పొద్దుటిపూట పంపుకు ఆయిల్ అందకుండా చేసి ఇంకా అరగదీసింది. ఎనిమిది మంది మిషన్ అనుకున్నాం గానీ, జాలీ తుడిచే మనిషి ఒక్కడూ లేడు. ఇప్పుడు ఒక నోటుబుక్ పెట్టాం. ఎన్ని గంటలు నడిచింది, ఏ ఆయిల్ ఎప్పుడు పోశాం, ఫిల్టర్ ఎప్పుడు మార్చాం, ఎవరు చేశారు, అన్నీ అందులో ఉంటాయి.

ప్రాణం మీదికి తెచ్చుకోవద్దు కూడా. పైపు సన్నగా కారుతుంటే చేత్తో తడమకండి. ఆ ఒత్తిడికి ఆయిల్ చర్మంలోకి దూరుతుంది, చెయ్యి తీసేయాల్సి రావచ్చు. అట్టముక్క అడ్డం పెట్టి చూడండి. ఇంజన్ ఆపి, తాళంచెవి జేబులో వేసుకొని, చైన్లకు మొద్దులు అడ్డం పెట్టాకే కిందికి దూరండి.

మా తప్పు మేము ఒప్పుకున్నాం. కానీ 60 వేలతో అయ్యే పనికి 2.5 లక్షలు ఎందుకు అడిగారు? లోపలి ముక్క విడిగా అమ్మరు, యూనిటే కొనాలంటారు. పుస్తకం తెలుగులో లేదు. కోత యంత్రాల మీద జీఎస్టీని 2025 సెప్టెంబర్ 22 నుంచి 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గించారు, మంచిదే. కానీ కొత్త మిషన్ కొనేవాడికి అందే ఆ మేలు, ఉన్న మిషన్ బాగుచేసుకునేవాడికి ముక్క దొరకకపోతే ఏం ఉపయోగం? కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జూలైలో మరమ్మతు హక్కు మీద కమిటీ వేసింది, అందులో వ్యవసాయ పరికరాలను కూడా చేర్చింది. అమెరికాలో కొలరాడో రాష్ట్రం 2023లో రైతుల మరమ్మతు హక్కుకు చట్టమే చేసింది. అక్కడి రైతుకు ఉన్న హక్కు మన రైతుకు ఎందుకు ఉండకూడదు?

కాబట్టి సంఘం తరఫున మనం అడగాల్సినవి ఇవి. మిషన్ అమ్మేవాళ్లు తెలుగులో మరమ్మతు పుస్తకం ఇవ్వాలి. లోపలి ముక్కలు విడిగా అమ్మాలి. మన ఐటీఐల్లో హైడ్రాలిక్ పని నేర్పాలి. సబ్సిడీతో పెట్టే ప్రతి కిరాయి కేంద్రంలో ఆ పని తెలిసిన మనిషి ఉండాలి.

అడిగినవి వచ్చేదాకా చేతులు కట్టుకొని కూర్చోలేం. కోతలకు నెల ముందే మీ మిషన్లు మా షెడ్డుకు తీసుకురండి. ఫిల్టర్ అందరం కలిసి కోసి చూద్దాం. నోటుబుక్ మాత్రం మీరు తెచ్చుకోండి.