మట్టాన్ని నమ్మేముందు

మట్టం చూసే సాధనాల గురించి చెప్పమని రేడియో వారు అడిగారు. రసమట్టం, తూకపు గుండు మీకు తెలిసినవే గనక వాటిని వదిలేస్తాను. నా వాదన ఒక్కటే: ఎంత ఖరీదైన సాధనానికైనా, సరిచూసుకునే పద్ధతి వల్లే విలువ. మేస్త్రీల నీళ్ళ గొట్టాన్నే చూడండి. పని తెలిసిన మేస్త్రీ ముందు గాలి బుడగలన్నీ పోయేదాకా నీళ్ళు పారిస్తాడు. తర్వాత రెండు కొసలూ పక్కపక్కన పట్టుకుని, నీళ్ళు ఒకే ఎత్తున నిలిచాయో లేదో చూస్తాడు. అప్పుడు గాని ఒక కొసను అవతలి స్తంభం దగ్గరికి పంపడు. లోపల బుడగ చిక్కుకుంటే అక్కడే బయటపడుతుంది.

సర్వేయర్ల డంపీ లెవెల్‌కూ ఇదే న్యాయం. 1832లో విలియం గ్రావట్ రూపొందించిన ఈ దుర్భిణి పరికరంలో చూపు గీత 20 సెకన్ల కోణం వాలితే కంటికి ఆనదు. 50 మీటర్ల దూరంలో మాత్రం దాదాపు 5 మిల్లీమీటర్లు తప్పుతుంది. పాతకాలపు సర్వేయర్లు దీనికి చక్కటి విరుగుడు పాటించేవారు. వెనక నిలిపిన కొలత కర్రకూ (స్టాఫ్‌కూ) ముందు స్టాఫ్‌కూ సరిగ్గా నడుమ పరికరం నిలిపేవారు. అప్పుడు రెండు రీడింగుల్లోనూ ఒకే తప్పు చేరుతుంది. ఒకదాంట్లోంచి మరొకటి తీసేస్తే ఆ తప్పు కొట్టుకుపోతుంది. భూమి వంపు వల్ల వచ్చే తేడా కూడా దాంతోనే పోతుంది. లోపమున్న పరికరంతోనే సరైన లెక్క రాబట్టే ఈ అలవాటు ఇప్పుడు సన్నగిల్లుతోంది. పునాది పనుల్లో పరికరాన్ని నీడ ఉన్నచోట నిలిపి, ఒక రీడింగు పది మీటర్లలో, ఇంకొకటి అరవై మీటర్లలో తీసేస్తున్నారు.

ఆటో లెవెల్, లేజర్ వచ్చాక ఈ చాదస్తం ఎందుకంటారా? ఆటో లెవెల్‌లోని కాంపెన్సేటర్ పరికరం ఒరిగిన కొద్దిపాటి వాలును సర్దుతుంది, నిజమే. కానీ కుదుపులకు అదే సర్దుబాటు తప్పితే తనను తాను దిద్దుకోలేదు. లేజర్ గీత ఎర్రగా, తిన్నగా కనబడుతుంది గనక మరింత నమ్మించి మోసగిస్తుంది. ఎగుడుదిగుడు నేలలో సమదూరాలు కుదరవంటారా? ఒప్పుకుంటాను. అక్కడ వెనక దూరాల మొత్తం, ముందు దూరాల మొత్తం సరిపోయేలా చూసుకోవచ్చు. నది అడ్డొస్తే రెండు గట్ల నుంచీ చూసి సగటు తీయవచ్చు. గోదావరి డెల్టా లాంటి చదును నేలలో కాలువ వాలు చాలా స్వల్పం. అక్కడ చిన్న తప్పులు పోగుపడితే నీళ్ళు చివరి పొలానికి అందవు. కనక పని అప్పగించేవారు పరికరం ఏ కంపెనీదని అడగడంతో ఆగకండి. దాన్ని చివరిసారి సరిచూసిందెప్పుడో, ఫీల్డ్ బుక్‌లో దూరాలు రాశారో లేదో కూడా అడగండి.