డీజిల్ లారీ పుట్టుక

అర్ధరాత్రి వేళ ఊరి వెలుపలి బాటపై బరువుగా సాగిపోవు లారీ చప్పుడు విననివారు మనలో ఉండరు. ప్రొద్దున మన యింటికి చేరు బియ్యము, ఉప్పు, కూరగాయలు ఏదో ఒకచోట ఆ బండి ఎక్కి వచ్చినవే. తక్కువ ఖర్చుతో అంత బరువు మోయు నేర్పు దానికి ఒక్కనాటితో అబ్బలేదు. ఆ నేర్పు జర్మనీ దేశమున ఎట్లు కుదిరినదో ఈ కొలది నిమిషములలో మనవి చేసెదను.

1895 మార్చి 18వ తేదీన జీగెన్ పట్టణమునుండి నెట్ఫెన్ మీదుగా పెట్రోలు యంత్రము గల మొదటి బస్సు బయలుదేరినది. బెంజ్ సంస్థ నిర్మించిన ఆ బండికి ఐదు గుర్రముల బలము; లోపల ఎనిమిది మందికి చోటు. పదునైదు కిలోమీటర్ల దారికి గంటా ఇరువది నిమిషములు పట్టెడిది. మిట్ట వచ్చినచో టిక్కెట్టు కొన్నవారే దిగి బండిని త్రోయవలసి వచ్చెడిది! గతుకుల బాటలు, చలికాలపు బురద దాని నడుము విరిచినవి. ఆ యేడు ముగియునప్పటికే బస్సు ఆగిపోయినది. మరుసటి యేడు గాట్లీబ్ డైమ్లర్ నిర్మించిన మొదటి లారీ బలము నాలుగు గుర్రములే. అది మోసినది ఒకటిన్నర టన్ను.

బలము చాలదు, పెట్రోలు ఖరీదు. ఈ రెండింటికిని విరుగుడు రుడాల్ఫ్ డీజిల్ చేతిలో ఉన్నది. గాలిని గట్టిగా అదిమినచో వేడెక్కును. ఆ వేడిలో నూనె చిమ్మినచో నిప్పురవ్వ లేకయే మండును. 1897లో ఆగ్స్‌బర్గ్ నగరమున జరిగిన పరీక్షలో అతని యంత్రము ఇంధనశక్తిలో నాలుగవ వంతునకు పైగా పనిగా మార్చినది. నాటి మామూలు ఆవిరి యంత్రములు అందులో సగమునైనను సాధింపలేదు. కాని నూనెను చిమ్ముటకు వేరొక గాలియంత్రము కావలసివచ్చెను. ఆ బరువు ఓడకు చెల్లును గాని బండికి చెల్లదు.

ఆ చిక్కు తీరకమునుపే, 1913 సెప్టెంబరు 29 రాత్రి, ఇంగ్లండునకు పోవు ఓడపైనుండి డీజిల్ కనబడకుండ పోయినాడు. కొన్ని దినములకు అతని శవము సముద్రమున దొరకినది.

బెంజ్ సంస్థలోని ప్రాస్పర్ లొరాంజ్ అను ఇంజనీరు 1909లోనే ఒక ఉపాయము కనిపెట్టియుండెను. నూనె ముందుగా ఒక చిన్న అరలో కొంత మండి, ఆ ఒత్తిడితోనే పెద్ద అరలోనికి దూకును, గాలియంత్రముతో పనిలేదు. ఈ పద్ధతిపై 1923లో ఐదు టన్నుల డీజిల్ లారీ రోడ్డెక్కినది. మరుసటి యేడు ఎం.ఏ.ఎన్. సంస్థ నూనెను నేరుగా చిమ్ము లారీని చూపినది. 1927లో బాష్ సంస్థ చిమ్ముడు పంపులను విరివిగా చేయ మొదలిడగా డీజిల్ బండికి దారి సుగమమైనది.

బెంజ్, డైమ్లర్ సంస్థలు 1926లో ఒకటైనవి. ఆ ఉమ్మడి సంస్థతో చేయి కలిపి 1954లో టాటావారు జంషెడ్‌పూర్‌లో లారీల తయారీకి పూనుకొనిరి. 1969లో ఆ ఒప్పందము ముగియునాటికి పని మన కార్మికుల చేతికి వచ్చియుండెను.

పెట్రోలు బంకులలో డీజిల్ అను పేరును మనము నిత్యము చదువుచున్నాము. అది ఒక మనుష్యుని పేరు. ఆ పేరుతో బారులు తీరి సాగు లారీలను చూచు భాగ్యము మాత్రము అతనికి లేకపోయినది.