స్పీకర్లకు ఘంటసాల పరీక్ష
(నందిగామ, జగ్గయ్యపేట పెన్షనర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పిల్లలు ముచ్చటపడి మనకు స్పీకర్లు కొనిపెడుతున్నారు. కొట్లో దడదడలాడే పాట వేసి చూపిస్తారు. ఇంటికొచ్చాక మోతే గాని మాట తెలియదు. అందుకని కొనేముందు మగగొంతు వేయించి వినండి. వయొలిన్ అసలు ఎలా మోగుతుందో అందరికీ తెలియకపోవచ్చు, మనిషి గొంతు తెలియనివారుండరు.

మొదట ఘంటసాలవారు (1922–1974). 2022లో మనల్ని ఎన్టీఆర్ జిల్లాలో కలిపినా ఆయన మన పాత కృష్ణా జిల్లావారే. కరుణశ్రీగారి 'పుష్పవిలాపం' వేయండి. పెనుగంచిప్రోలు తిరునాళ్ళ బాకా మైకుల్లో ఆయన గొంతు సన్నగా వినపడేది, మంద్రం వాటికి పలకదు. ఇంట్లో ఆ గొంతుకు గుండెబలం రావాలి, అలాగని కుండలోంచి మాట్లాడినట్టు ఉండరాదు. అది మోనో రికార్డు. స్పీకర్లు రెండైనా గొంతు సరిగ్గా నడుమ నిలవాలి. చెదిరిపోతే ఒక స్పీకరుకు ఎర్రవైరు, నల్లవైరు తారుమారయ్యాయేమో చూడండి.

రెండు, బాలమురళీకృష్ణగారి రామదాసు కీర్తనలు. ఆయన మంద్రస్థాయికి దిగినా అక్షరం విడిగా తెలియాలి. గదంతా గుయ్యిమంటే స్పీకర్లను మూలలోంచి మూరెడు ఇవతలికి జరపండి.

మూడు, 'శంకరాభరణం' (1980)లో బాలుగారి పాటలు. పైస్థాయిలో గొంతు చీలినట్టు, గీసినట్టు ఉంటే ఆ సెట్టు వద్దు.

రెండు సెట్లు పోల్చేటప్పుడు శబ్దం సమానంగా పెట్టించండి. కాస్త గట్టిగా మోగేదే మేలైనదనిపిస్తుంది.

ఇక అసలు సంగతి. ఇంట్లో అందరికీ స, శ, ష స్పష్టంగా వినిపించి మీకొక్కరికే తెలియకపోతే తప్పు స్పీకర్లది కాదు. వయసుతో ముందుగా తగ్గేది సన్నని శబ్దాల వినికిడి. హల్లుల స్పష్టత ఆ శబ్దాల్లోనే ఉంది. అందుకే "వినపడుతోంది, అర్థం కావడం లేదు" అంటాం. మనం శబ్దం పెంచుతాం, కోడలు తలుపు వేసుకుంటుంది.

నాకూ అలాగే అయింది. పద్యంలో నాకందని అక్షరాలు మా మనవరాలు చెప్పేది. డాక్టరుగారు ఆడియోగ్రామ్ తీయించి రెండు చెవులకూ మిషన్లు పెట్టించారు. పద్యం బాగుపడింది. అంతకన్నా, ఆ పిల్ల సన్నగా చెప్పే కబుర్లకు ఊరికే తలూపడం మానేసి జవాబు చెబుతున్నాను.

కాబట్టి స్పీకర్లకు వేలు పోసేముందు చెవులకు ఒక్కపూట కేటాయించండి. సెలవు.